కలవని జత

కాటా గదిలో కంప్యూటర్ లేవకపోతే అందరికన్నా ముందు కోపమొచ్చేది లారీ డ్రైవర్‌కి. మిర్యాలగూడ నుంచి వాడపల్లి వచ్చే రోడ్డు పక్కన, కృష్ణ మీది వంతెన ఇంకా కొంత దూరం ఉందనగా, ఆ అరవై టన్నుల కాటా మీద వడ్ల లారీ ఒకటి ఎక్కి నిలబడి ఉంది. దాని వెనక ఇంకో మూడు లారీలు, రెండు ట్రాక్టర్లు. తూకం పెట్టె ఎర్రటి అంకెలు చూపిస్తూనే ఉంది. అంకెలున్నాయి గాని చీటీ లేదు, చీటీ లేనిదే మిల్లువాళ్లు లోపలికి రానివ్వరు. ఆ చీటీ కొట్టాల్సిన కంప్యూటర్ ఫ్యాన్ తిప్పుతోంది, పచ్చలైటు వెలిగిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. పొడుగ్గా ఒక కూత, కాస్త ఆగి మళ్లీ అదే కూత.

"రాత్రి దాక మంచిగనే నడిచె గద మామా, ఏం చేసినవ్?"

"ఏం జెయ్యలే అల్లుడా. కొత్త ర్యామ్ ఏసిన, గంతే."

జబ్బంతా ఆ "గంతే"లోనే ఉంది.

కాటా మామది. అల్లుడు ఆయన అక్క కొడుకు, కోదాడలో డిప్లొమా చదువుతూ సెలవులకు వచ్చిన పిల్లవాడు. మూడో మనిషి ఈ వ్యాసకర్త. మూసీ, కృష్ణల సంగమం చూద్దామని బయల్దేరి, పక్క హోటల్లో చాయ్ తాగుతూ, తనకు బొత్తిగా సంబంధం లేని పంచాయితీలో తలదూర్చినవాడు. తలదూర్చాక మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు, రావాలని కూడా అనిపించలేదు.

కంప్యూటర్ వయసు చెప్పాలి. లోపలి బోర్డు మీద ఉన్నది జీ41, అంటే 2008లో ఇంటెల్ విడుదల చేసిన చిప్‌సెట్. అందులో ఇన్నాళ్లూ రెండు జీబీల ర్యామ్ ఒక్కటే ఉండేది. చీటీలు కొట్టడానికి అది చాలు. ఈమధ్య లారీ నంబరు ఫొటో తీసే కెమెరా పెట్టించారు. దాంతో కంప్యూటర్ నత్తనడక పట్టింది. నాలుగు జీబీలది వేస్తే పరుగెడుతుందని ఎవరో చెప్పారు. మామ పట్నం వెళ్లి, "డీడీఆర్3 అడిగిన, డీడీఆర్3 ఇచ్చిండు" అన్న ధీమాతో తెచ్చి, రెండో గాడిలో పెట్టి నొక్కాడు. క్లిప్పులు టక్కుమని పడ్డాయి.

ఆ టక్కుమనే చప్పుడే మనిషిని మోసం చేస్తుంది. ర్యామ్ కర్రకు కింది అంచున ఒక గంటు ఉంటుంది. డీడీఆర్2కీ డీడీఆర్3కీ కాళ్లు 240 చొప్పునే ఉన్నా గంటు ఉండే చోటు వేరు. డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288 కాళ్లే, అక్కడా గంటు చోటు వేరు. కరెంటు కూడా తరతరానికీ తగ్గుతూ వచ్చింది: డీడీఆర్3కి 1.5 వోల్టులు, ఆ తర్వాతిదానికి 1.2, మొన్నమొన్నటిదానికి 1.1. ఒక తరానిది ఇంకో తరం గాడిలో దూరకుండా ఆ గంటు కాపలా కాస్తుంది. ఒకే తరానిదైతే దూరనిస్తుంది. దూరినంతమాత్రాన ఇమిడినట్టు కాదని చెప్పే పని మాత్రం గంటుది కాదు.

ఈలోగా కాటా గది ముందు నిపుణుల సభ కూడింది. ఎర్తింగ్ సరిగ్గా లేదన్నాడు మొదటి లారీ డ్రైవర్. బోర్డే కాలిపోయి ఉంటుంది, కొత్తది కొనుక్కొమ్మన్నాడు రెండోవాడు, డబ్బు తనది కాదు గనక. దుకాణంవాడు పాత సరుకు అంటగట్టాడని మామ తేల్చేశాడు. ఆ దుకాణదారుకి ఏడు తరాల కింద ఉన్న పెద్దల దాకా వెళ్లొచ్చాడు కూడా. చాయ్ హోటలాయన ఒక్కడే పనికొచ్చే మాట చెప్పాడు: "రబ్బరు పెట్టి రుద్దుర్రి."

రబ్బరు వైద్యాన్ని తీసిపారేయకూడదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, హార్డ్‌వేర్ వాళ్ల నోట సీటీసీ, అక్కడ రిపేరు బల్ల మీద స్క్రూడ్రైవర్ పక్కనే బడిపిల్లల రబ్బరు ఉంటుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల దాని అవసరం ఇంకా ఎక్కువ. రైస్‌మిల్లుల ఊక దుమ్ము, తవుడు, ఇటు సిమెంటు ఫ్యాక్టరీల బూడిద, అన్నీ కలిసి కంప్యూటర్ ఫ్యాన్ గుండా లోపలికి పోయి గాడుల్లో పేరుకుంటాయి. ర్యామ్ కాళ్ల మీద ఉండేది బంగారు పూత. బంగారం తుప్పు పట్టదు గాని దాని మీద జిడ్డూ దుమ్మూ పొరకడతాయి. మెత్తటి రబ్బరుతో రెండుసార్లు రుద్దితే ఆ పొర పోతుంది. ఎడాపెడా రుద్దితే పూతే పోతుంది, అది మైక్రాన్ కన్నా పలచన. అల్లుడు రెండుసార్లే రుద్దాడు. ముందుగా డబ్బా ఇనుప అంచును చేత్తో తాకి, ఒంట్లోని స్టాటిక్ కరెంటును దింపుకున్నాడు. ఆ చిన్న పని చూశాకే ఈ పిల్లవాడు పైపైన నేర్చినవాడు కాదని వ్యాసకర్తకు అర్థమైంది.

రుద్దినా కూత ఆగలేదు.

అప్పుడు ఆ పిల్లవాడు చేసిన పని సభికులెవరికీ నచ్చలేదు. అన్నీ పీకేశాడు. పాడైన చీటీ ఒకటి తీసుకుని, వెనక్కి తిప్పి, గీతలు గీశాడు. పాతది ఒక్కటే, మొదటి గాడిలో: లేచింది. పాతది, రెండో గాడిలో: లేచింది. అంటే గాడులు రెండూ బాగున్నాయి. కొత్తది ఒక్కటే, మొదటి గాడిలో: కూత. రెండో గాడిలో: కూత. రెండూ కలిపి: కూత. గాడులు మార్చి రెండూ కలిపి: మళ్లీ కూత. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే మూడు వోల్టుల బ్యాటరీని తీసి, అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టాడు, పాత సెట్టింగులు మర్చిపోవాలని. కూతే.

"ఒక్కటొక్కటే మారుస్తున్నవ్. పొద్దుగూకుతది" అన్నాడు మామ.

"రెండు ఒక్కసారి మారుస్తే ఏది పని చేసిందో ఎట్ల తెలుస్తది మామా?"

పురుగుమందు కొట్టే రైతుకు ఈ మాట తెలుసు. మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టినప్పుడు చేను కోలుకుంటే, ఏ మందుకు కోలుకుందో ఎవరు చెప్పగలరు? వచ్చే ఏడు మళ్లీ మూడూ కొంటాడు.

చీటీలో ఇప్పటికి తేలింది ఒకటే, కొత్తదాంతో గొడవ ఉందని. దుకాణదారు వంశవృక్షాన్ని మామ మళ్లీ అందుకున్నాడు. అల్లుడు ఆ కొత్త ర్యామ్‌ను కాగితంలో చుట్టుకుని వాడపల్లిలోని జిరాక్స్ షాపుకు బయల్దేరాడు, వెనకే వ్యాసకర్త. అక్కడి కంప్యూటర్ బోర్డు ఒకటి రెండు తరాలు కొత్తది, అదీ డీడీఆర్3దే. అందులో పెట్టగానే లేచింది. నాలుగు జీబీలూ చూపించింది. అంతటితో ఊరుకోకుండా, జేబులోని పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్ అనే పరీక్ష కూడా పెట్టాడు.

ఆ పరీక్ష మన అవధానంలో పృచ్ఛకుడి లాంటిది. ర్యామ్‌లోని ప్రతి గదిలో సున్నాలూ ఒకట్లూ ఒక వరసలో రాస్తుంది, కాసేపాగి "ఏదీ, ఒప్పజెప్పు" అంటుంది. తర్వాత వరస తిరగేసి మళ్లీ అడుగుతుంది. ఒప్పజెప్పడం తేలికేం కాదు. ఇప్పటి ర్యామ్‌లో ఒక్కో అక్షరాన్ని, అంటే ఒక సున్నానో ఒకటినో, దాచేది ఒక్కో బుల్లి కెపాసిటర్. 1968లో ఐబీఎం ఇంజనీర్ రాబర్ట్ డెన్నార్డ్ పేటెంటు పొందిన పద్ధతి అది, ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు. ఆ కెపాసిటర్ చిల్లుకుండ. నింపిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. అందుకే 64 మిల్లీసెకండ్లలోపు ప్రతి గదినీ ఒకసారి చదివి మళ్లీ నింపాలి. అంటే మనం జ్ఞాపకశక్తి అని పిలుస్తున్నది నిజానికి మరిచిపోయే వస్తువు, గుర్తు చేస్తూ ఉంటేనే గుర్తుంటుంది. పరీక్ష ముప్పావుగంట నడిచింది. ఒక్క తప్పూ దొర్లలేదు.

కొత్త ర్యామ్ బాగుంది. పాత బోర్డూ బాగుంది. రెండూ కలిపితే చావుకూత.

తిరిగొచ్చి ఈ సంగతి చెబితే మామ నమ్మలేదు. "గదెట్ల? రెండిట్ల ఏదో ఒకటి చెడిపోయి ఉండాలె గద!" ఆ "ఉండాలె గద" దగ్గరే వ్యాసకర్త ఆ రోజంతా ఆగిపోయాడు. తప్పు జరిగిందంటే దాన్ని మోయడానికి ఒక వస్తువో మనిషో ఉండాలని మనకు ఎంత గట్టి నమ్మకం! 1900 ప్రాంతంలో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తపు గ్రూపులు కనిపెట్టేదాకా, ఒకరి నెత్తురు ఇంకొకరికి ఎక్కిస్తే కొందరు బతకడం, కొందరు చచ్చిపోవడం వైద్యులకు అంతుబట్టని చిక్కు. ఇచ్చినవాడు ఆరోగ్యవంతుడే, ఎవరి నెత్తురు వాళ్ల ఒంట్లో చక్కగానే పారుతుంది. ఒకే గాజుగొట్టంలో పోస్తే గడ్డకట్టేది. దోషం ఈ నెత్తురుదీ కాదు, ఆ నెత్తురుదీ కాదు. ఈ సంగతి బయటపెట్టినందుకు ఆయనకు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

అల్లుడు వియన్నా దాకా వెళ్లలేదు. రెండు ర్యామ్‌లూ పక్కపక్కన పెట్టి, "చిప్పులు లెక్కపెట్టు మామా" అన్నాడు. కొత్తదానికి ఒకవైపే ఎనిమిది నల్ల చిప్పులు, వెనక బోడి. జీ41కి సరిపడే నాలుగు జీబీల ర్యామ్‌కు ముందు ఎనిమిది, వెనక ఎనిమిది, మొత్తం పదహారు ఉండాలట. రెండిటి లేబుల్ మీదా నాలుగు జీబీలనే రాసి ఉంటుంది, లెక్కా సరిగ్గానే ఉంటుంది. ఒక్కో చిప్పు 256 ఎంబీ అయితే పదహారు కావాలి. 512 ఎంబీ అయితే ఎనిమిది చాలు. కొన్ని లేబుళ్ల మీద 1ఆర్‌ఎక్స్8 అనో 2ఆర్‌ఎక్స్8 అనో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. చిప్పులు ఒక బారుగా ఉన్నాయా, రెండు బార్లుగానా అని చెప్పే గుర్తు అది. కొనేవాడు దాన్ని చూడడు, అమ్మేవాడు చెప్పడు.

చిప్పుల సంఖ్యతో బోర్డుకేం పని? దీనికి జవాబు కాటా గదిలోనే గోడకు వేలాడుతోంది. ఆ తూకం పెట్టెకు అయిదు అంకెలే. 99,999 కిలోల దాకా చూపించగలదు. లక్ష కిలోల బండి ఎక్కిస్తే బండి తప్పు కాదు, చూపించడానికి ఆరో అంకె లేదు. ర్యామ్ చిప్పు లోపల అక్షరాల గదులు కొన్ని అరల్లో వరసలు వరసలుగా ఉంటాయి. 256 ఎంబీ చిప్పులో ఒక్కో అరకు 32,768 వరసలు. ఏ వరస కావాలో పిలవడానికి పదిహేను తీగలు సరిపోతాయి. 512 ఎంబీ చిప్పులో వరసలు రెట్టింపు, 65,536. పదహారో తీగ కావాలి. జీ41 తయారైననాటికి అంత చిక్కని చిప్పులు దాని లెక్కలో లేవు, దానికి పదిహేను తీగలే. ఒక్క తీగ తక్కువ! కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు సగం ర్యామ్‌ను గుర్తించి సర్దుకుపోతాయని చెబుతారు. ఈ బోర్డు సర్దుకునే రకం కాదు.

పవర్ బటన్ నొక్కాక తెర వెలిగేలోపు జరిగే తంతు తెలిస్తే ఆ కూత ఎందుకో కూడా తెలుస్తుంది. ర్యామ్ కర్ర మీద ఒక మూల ఇంకో బుల్లి చిప్పు ఉంటుంది. డీడీఆర్3లో దాని సైజు 256 బైట్లు. పొడవైన ఒక వాక్యం రాస్తే నిండిపోతుంది. అది ఆ ర్యామ్ జాతకచక్రం. ఎంత సైజు, ఎన్ని వరసలు, ఎంత వేగం, ఎన్ని వోల్టులు, అన్నీ అందులో ఉంటాయి. బోర్డు లేవగానే ముందు ఆ జాతకం చదువుతుంది, తనతో పొంతన చూస్తుంది. కుదిరితేనే మిగతా పని. కుదరకపోతే తెర మీద రాసి చెబుదామంటే తెర ఇంకా లేవలేదు, చెప్పడానికి మిగిలింది కూత ఒక్కటే. కొత్త ర్యామ్‌లలో జాతకంతో పాటు బయోడేటా కూడా ఉంటుంది, ఎక్స్‌ఎంపీ అంటారు. డబ్బా మీద 3200 అని అచ్చేసినా, మామూలుగా లేచేది అంతకన్నా తక్కువ వేగంతోనే. ఆ 3200 కావాలంటే బయోస్ అనే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి బయోడేటాను నమ్ముతున్నానని చెప్పాలి. పెళ్లి బ్యూరో బయోడేటాల్లాగే వాటిలోనూ కొన్ని నమ్మాక నిలబడతాయి, కొన్ని కూలబడతాయి.

వేగాలు వేరైన రెండు ర్యామ్‌లు పక్కపక్కన పెడితే జరిగేది రైతు బిడ్డలకు విడమరిచి చెప్పక్కర్లేదు. కాడికి రెండు ఎడ్లు కడితే నడక మెల్లగా నడిచేదానిది. 1600 ర్యామ్ పక్కన 1333 ర్యామ్ పెడితే రెండూ 1333తోనే నడుస్తాయి, నడిస్తే. దాపటెద్దును వలపట కడితే మొండికేసినట్టు, నాలుగు గాడులున్న బోర్డుల్లో ఒక్క ర్యామ్‌ను తప్పు గాడిలో పెడితే మొండికేసేవీ ఉన్నాయి. అందుకే తెలిసినవాళ్లు జతగా అమ్మేవే కొంటారు. సంతలో ఎడ్లజతను విడదీసి బేరమాడేవాడిని ఎవరూ మెచ్చరు.

ఒకప్పుడు ఈ బాధ లేదు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టి, దాన్ని నడిపిన అయ్యగారి సాంబశివరావు హయాంలో తయారైన టీడీసీ-12 కంప్యూటర్‌కు జ్ఞాపకం అంటే తీగలకు గుచ్చిన ఆవగింజలంతటి అయస్కాంతపు ఉంగరాలు. కరెంటు పోయినా మరిచిపోయేవి కావు. జ్ఞాపకాన్నీ యంత్రాన్నీ ఒక జతగానే తయారుచేసేవాళ్లు. బజార్లో ఎవరిదో ర్యామ్, ఎవరిదో బోర్డు కొని మనమే ముడిపెట్టే రోజులొచ్చాక ఈ పొంతనల గొడవ మొదలైంది. చవకా వచ్చింది, చిక్కూ వచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న ఏఎస్ రావు నగర్‌లో ఇవాళ కంప్యూటర్ కొనేవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు ఎందరో మరి.

ఇంతా అయ్యాక వ్యాసకర్త తను వచ్చిన పని మీద సంగమానికి వెళ్లాడు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురికినంతా మోసుకుని వచ్చి ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. అవతలి గట్టు పల్నాడు, 2014 జూన్ 2 నుంచి వేరే రాష్ట్రం. రెండు నీళ్లు కలిసేచోట నిలబడి ఏ నీటి రంగు ఏదని అడిగితే పడవవాడు చెప్పగలడు, పది బారల కిందికి వెళ్లాక అతనూ చెప్పలేడు. గట్టు మీద అగస్త్యేశ్వరుడు ఒక గుడిలో, లక్ష్మీనరసింహుడు ఇంకో గుడిలో. నరసింహుడి గుడి గురించి ఊళ్లో ఒక మాట ఉంది: గర్భగుడిలో స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. అదే గది, అదే గాలి, అదే నూనె, మారింది ఎత్తు ఒక్కటే. భక్తుల సంగతి సరే, ఇది అచ్చం కాటా గది చీటీ వెనకాల అల్లుడు గీసిన గీతల పద్ధతి.

నదీ జలాలకూ కంప్యూటర్ జ్ఞాపకానికీ ముడి ఉన్న కథ ఒకటి నిజంగానే ఉంది. 1970ల చివర్లో ఇంటెల్ మెమరీ చిప్పుల్లో అక్షరాలు వాటంతటవే తారుమారయ్యేవి. చిప్పు పరీక్షిస్తే బాగానే ఉండేది. మళ్లీ ఇంకోచోట ఒక అక్షరం తిరగబడేది. టిమొతీ మే అనే ఇంజనీరు 1978లో కారణం పట్టుకున్నాడు. చిప్పును భద్రంగా ఉంచడానికి పెట్టిన పింగాణీ పెట్టెలోనే లవలేశం యురేనియం, థోరియం ఉన్నాయి. వాటి నుంచి వెలువడే ఆల్ఫా కణం తగిలితే చిల్లుకుండ ఖాళీ అవుతోంది. ఆ పింగాణీ తయారయ్యే కర్మాగారం అమెరికాలో గ్రీన్ రివర్ అనే ఏటి ఒడ్డున, ఒక పాత యురేనియం గని వ్యర్థాలకు దిగువన ఉందని, ఆ ఏటి నీరే వాడారని ఐబీఎం శాస్త్రవేత్తలు 1996లో రాశారు. వాడపల్లి గట్టు మీద ఈ సంగతి తలుచుకుంటే ఎగువకు చూడకుండా ఉండలేం. నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్–పెద్దగట్టు గుట్టల్లో యురేనియం ఉంది. 2003లో తవ్వకాల కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం అడ్డం తిరిగారు. వాళ్లు అడ్డం తిరిగింది తాగే నీళ్ల కోసం, కంప్యూటర్ల కోసం కాదనుకోండి.

సాయంత్రం తిరుగు దారిలో కాటా దగ్గర బస్సు దిగి చూస్తే వరస సగానికి తగ్గింది. బేరం కుదిరిందట. జిరాక్స్ షాపాయన దగ్గర రెండు జీబీల ర్యామ్‌లు రెండున్నాయి. అందులో ఒకటి మామకిచ్చి, మామ కొత్త నాలుగు జీబీలది ఆయన తీసుకున్నాడు. పైన కొంత డబ్బు కూడా ఇచ్చాడు. ఎంతో మామ చెప్పలేదు, ముఖం చూస్తే నష్టపోయినట్టు లేదు. కాటా కంప్యూటర్‌లో ఇప్పుడు రెండూ రెండూ నాలుగు. దుకాణదారు పూర్వీకులకు కూడా విముక్తి లభించింది.

చుక్కల ప్రింటర్ గరగరమంటూ చీటీ కక్కింది. డ్రైవర్ చింపుకుని, దీపం వెలుతురులో చూసి, వెనక్కి వచ్చాడు.

"అన్నా, ఏందిది? తారీఖు 2009 పడ్డది."

పొద్దున బ్యాటరీ తీసినప్పుడు గడియారం కూడా మరిచిపోయింది. అల్లుడు సరిచేద్దామని కీబోర్డు మీద చెయ్యి వేయబోతే మామ గబుక్కున పట్టుకున్నాడు.

"ముట్టకు. నడుస్తున్నది గద. పెన్నుతోని దిద్దిస్త."